లైట్‌హౌస్ తాత, బోర్లించిన బిందెలు

అరచేయంత తోలుముక్క అది. తెలియనివాళ్ళ చేతికి దొరికితే నేరుగా చెత్తలోకి పోతుంది. మొన్న అనంతపురంలో ఇల్లు మారుతూ పాత పుస్తకాల పెట్టె విప్పితే, ఒక నోటుపుస్తకం మధ్యలో మడతపడి కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా కిరసనాయిలు వాసన వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత వాసనేం మిగులుతుందని మా ఆయన నవ్వాడు. నా ముక్కుకు మిగిలింది, ఆయనకేం తెలుసు. ఆ తోలు మా చిన్నతాతది, అంటే మా నాయనకు చిన్నాయన. ముప్పై ఏళ్ళకు పైగా తూర్పు సముద్రం ఒడ్డున ఒక లైట్‌హౌస్‌లో దీపం చూసుకునే ఉద్యోగం చేశాడు. ఏ ఊరి లైట్‌హౌస్ అన్నది ఇక్కడ రాయను. తోలు పెట్టిన చోట నోటుపుస్తకంలో నా చేతిరాతతో ఒక పేజీ ఉంది. నేను రాసినవాటిలో అచ్చు కావలసినవి దాదాపు అన్నీ, అక్కర్లేనివి కూడా కొన్ని, అచ్చయ్యాయి. అన్నిటికంటే ముందు అచ్చు కావలసిన ఆ పేజీ మాత్రం కాలేదు. దానికి కారణం నేనే.

చిన్నతాత పేరు నారాయణప్ప. ఆయన రిటైరై అవ్వతో కలిసి మా ఊరికి తిరిగొచ్చిన ఏడు, నేను డిగ్రీలో ఇంగ్లీషు పేపరు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మాది గార్లదిన్నె దగ్గర పల్లె. వేరుశనగ తప్ప ఇంకో పంట ఊసెత్తని ఊరు. ఆ వేరుశనగైనా మూడేళ్ళకోసారి చేతికొస్తే గొప్ప. సముద్రం చూసినవాళ్ళు ఊరు మొత్తం మీద ముగ్గురో నలుగురో. అలాంటి చోటికి ఓడలకు దారి చూపించిన మనిషి వచ్చి మా పక్కింట్లో దిగాడు. పొద్దు వాలితే చాలు, ఆయన అరుగు మీద జనం. గొర్రెలు తోలుకుని ఇంటికి పోయే ఓబులేసు అయితే రోజుకో ప్రశ్న మోసుకొచ్చేవాడు.

"నారాయణన్నా, ఆ దీపం ఎంత దూరం కనపడతాది?"

"గార్లదిన్నెలో వెలిగిస్తే గుత్తిలో కనపడతాది."

"అబ్బో! అయితే ఆడ నీళ్ళకేం కరువులే, అంత సముద్రం ముందర పెట్టుకొని."

"సముద్రం నీళ్ళు తాగితే కక్కుకోవాల్సిందే. బావినీళ్ళూ ఉప్పే. తాగే నీళ్ళు ఎద్దులబండి మింద డ్రమ్ముల్లో వస్తాండె. బండి రాకపోతే మాకూ కరువే."

ఓబులేసు కాసేపు ఆలోచించి, "అదేం ఊరప్పా! నీళ్ళ మధ్యన కూచోని నీళ్ళకు ఎదురుచూసేది! మన ఊరే నయం, లేవంటే లేవు," అని గొర్రెల వెంట పోయాడు. తాత ఆ మాటకు ఎంత నవ్వాడో. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం కూడా నేను చూశాను, కానీ అప్పుడు దానికి అర్థం వెతకలేదు.

ఉద్యోగం పోయినా అలవాట్లు పోలేదు ఆయనకు. పొద్దున్నే రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తిని ఇత్తడి సామాన్లు ముందేసుకునేవాడు. చింతపండుతో తోమడం అవ్వ పని, మెరుగు తేవడం ఆయన పని. ఆ తరవాత లాంతరు చిమ్నీలు. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి, ప్రతి ఇంట్లోనూ లాంతరు ఉండేది. వీధిలో వాళ్ళంతా మసిపట్టిన చిమ్నీలు తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. ఆయన తోలుముక్కతో గుండ్రంగా, ఒకే వైపుకు, నోటితో అంకెలు లెక్కపెట్టుకుంటూ తుడిచేవాడు. అడ్డదిడ్డంగా తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయట. సూర్యుడు మునిగే వేళకు కరెంటు ఉన్నా సరే, లాంతరు వెలిగించి మిద్దె మీద పెట్టి దిగేవాడు. "ఈ రాళ్ళగుట్టల మధ్యకు యా ఓడ వస్తాదని పెట్టినావ్?" అని అవ్వ రోజూ సణిగేది. అవ్వది బత్తలపల్లె, మాట దాచుకునే రకం కాదు. లాంతరు పెట్టాక తాత క్యాలెండరు మీద ఆ రోజు గడిలో రాసేవాడు: గాలి పడమర, చూపు ఆనుతుంది, వాన లేదు. నెలల తరబడి అదే మాట, వాన లేదు. మా కరువు చరిత్ర ఎవరైనా రాయాలనుకుంటే ఆ క్యాలెండర్లు చాలు.

నన్ను మాత్రం తొలిచేసిన సంగతి వేరే ఉంది. మా ఊళ్ళో వాన పడితే ఒక పని ఉండేది, ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మొదటి చినుకు తగలగానే వీధి వీధంతా బిందెలు, బకెట్లు, తొట్లు, చివరికి అన్నం గిన్నెలు కూడా పట్టుకుని పరిగెత్తేది. మిద్దె తూముల కింద, చూరుల కింద, ఎక్కడ ధార పడితే అక్కడ. ఎవరి బిందె ముందు నిండిందని కేకలు, నవ్వులు. ఆ హడావిడిలో చేరని ఇల్లు ఒక్కటే, మా చిన్నతాతది. వాన మొదలవగానే అవ్వ బయట ఉన్న బిందెలు సైతం లోపలికి తెచ్చి వరసగా బోర్లించేది. తరవాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, వాన వెలిసేదాకా ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండేవాళ్ళు. మా అమ్మకు ఒళ్ళు మండిపోయేది. "ఆకాశమిచ్చేది కూడా వద్దా ఈళ్ళకు? రేపు మళ్ళా బోరింగు కాడ మన బిందెకు ముందర బిందె పెట్టేది ఈళ్ళే కదా!" అనేది. నేను అవ్వను రెండుసార్లు అడిగాను. మొదటిసారి వినపడనట్టు లేచి పొయ్యి దగ్గరికి పోయింది. రెండోసారి, "నీ ఇంగ్లీషు చదువుకో పో," అంది.

ఆ మరుసటి ఏడు కాబోలు, తాతకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. లైట్‌హౌస్‌లో మనుషులు చేసే పనంతా యంత్రాలకు అప్పగిస్తున్నారని, ఇక అక్కడ కాపలాదారు ఉండడని, దాని చరిత్ర చిన్న పుస్తకంగా వేస్తున్నారని, పాతవాళ్ళు తమకు తెలిసింది రాసి పంపాలని. తాతకు కళ్ళలో శుక్లాలు ముదిరాయి, కాగితం మీద గీత ఆనదు. నన్ను పిలిచి, "నువ్వు రాయి పాపా, నేను చెప్తా," అన్నాడు. అలా నేను ఇంగ్లీషు పుస్తకం మూసేసి, కొత్త నోటుపుస్తకం తెరిచాను.

నా జీవితంలో అంత ఇష్టంగా ఏ పాఠమూ వినలేదు. మొదట అక్కడ గోపురమే లేదట. ఇసుకదిబ్బ మీద కట్టెలు పేర్చి మంట వేసేవాళ్ళు. పడవలు ఇంటికి చేరేదాకా ఆ ఊరి ఆడవాళ్ళు దాన్ని ఎగదోస్తూ కూర్చునేవాళ్ళు. తరవాత తెల్లదొరలు గోపురం కట్టి కొబ్బరినూనె దీపాలు పెట్టారు. నూనెను ఎలుకలు తాగేస్తున్నాయని పిల్లిని పెంచితే, ఆ పిల్లికి పాల ఖర్చు ఎవరి పద్దులో రాయాలో తేలక పైకి ఉత్తరాలు నడిచాయట. ఆ తరవాత ఆ దొరల దేశం నుంచి ఓడ మీద అద్దాలు దిగాయి, గడ్డిలో చుట్టిన పెట్టెల్లో. మనిషి లోపల నిలబడగలిగినంత అద్దాల గూడు. కొబ్బరినూనె పోయి కిరసనాయిలు వచ్చింది. తాత ఉద్యోగంలో చేరింది ఆ కిరసనాయిలు కాలంలో. కరెంటు వచ్చింది ఆయన తల నెరిశాక.

దీపం ఎలా తిరుగుతుందో నాకు అర్థం కాలేదంటే ఎండిపోయిన మా బావి దగ్గరికి తీసుకుపోయాడు. గిలకకు తాడు వేసి, తాడు చివర రాయి కట్టి వదిలాడు. రాయి దిగుతుంటే గిలక తిరిగింది. "ఇంతే పాపా. దీపం కదలదు, దాని చుట్టూ అద్దాల గూడు తిరుగుతాది. గోపురం నడుమ గొలుసుకు ఇనప దిమ్మె కట్టి ఉంటాది. అది దిగేకొద్దీ గూడు తిరుగుతాది. దిమ్మె అడుక్కు చేరకముందే పిడి పట్టి మళ్ళా పైకి చుట్టాల. గంటకోసారి, తెల్లారేదాకా."

"చుట్టకపోతే ఆరిపోతాదా?"

"ఆరిపోదు. నిలిచిపోతాది." రాయి బావి అడుగున మట్టిలో దిగి ఆగింది. ఆయన దానివైపే చూస్తూ ఉండిపోయాడు. "ఆరితే పడవోనికి తెలుస్తాది, దీపం లేదు, జాగర్తగా ఉండాల అని. మా దీపం పది అంకెలకొకసారి మెరుస్తాది, వాళ్ళు లెక్కబెట్టుకొని అది మా ఊరే అని తెలుసుకుంటారు. నిలిచిపోయిన దీపాన్ని చూసి ఇంకేదో దీపమనుకుంటారు. దారి తప్పుతారు."

అక్కడిదాకా బండి బాగానే నడిచింది. ఆయన ఉద్యోగంలో చేరిన తొలి రోజుల తుపాను దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ తుపానులో దీపం కాపాడినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం బిగించి వాళ్ళింటి గోడకు వేలాడుతూ ఉండేది. బడిలో జెండా పండగకు ఆయన్ను పిలిచి పిల్లలకు దాన్ని చదివి వినిపించేవాళ్ళు. "తుపాను గురించి చెప్పు తాతా" అంటే, "ఆ కాగితంలో ఉండాది కదా, చూసి రాసుకో," అన్నాడు. మరునాడూ అంతే. నాకు కోపం వచ్చింది. చరిత్ర రాస్తున్నది నేనైతే అసలు ముక్క గోడను అడగాలా?

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన దిగింది. వీధి ఎప్పటిలాగే బిందెలతో ఉరికింది. అవ్వ బిందెలు బోర్లించింది. నాకు ఏం బుద్ధి పుట్టిందో, మా ఇంట్లోంచి పెద్ద గంగాళం తెచ్చి వాళ్ళ తూము కింద పెట్టాను. సగం నిండేలోపు అవ్వ తడుస్తూ వచ్చి దాన్ని ఒక్క తన్ను తన్నింది. నీళ్ళన్నీ వీధిలో పడి పోయాయి. ఎదురింటివాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. మా ఊళ్ళో మంచినీళ్ళు పారబోయడమంటే మాటలా? నేను, "నీకేమన్నా పిచ్చా అవ్వా?" అని అరిచేశాను. లోపలినుంచి తాత, "పాపా, పుస్తకం తీసుకోని రా," అన్నాడు.

ఆయన గొంతు మామూలుగానే ఉంది. "మేము ఆడికి పోయి నెల కాలా. తుపాను రేపొస్తాదని రేడియోలో చెప్పినారు. గాలికి నీళ్ళ బండి మూన్నాళ్ళుగా రాలే. ఆ సాయంత్రం దీపం ముట్టించి దిమ్మె చుట్టే వేళకు వాన మొదలాయ. నా పై ఆఫీసరు పెద్దాయన జొరంతో పండుకున్నాడు. కింద మీ అవ్వ అరిచింది, ‘వానొచ్చె, బిందెలు, బిందెలు’ అని. నేనేం ఆలోచన చేయలే పాపా. వానొస్తే మన ఊర్లో పుట్టినోడు ఏం చేస్తాడు? దిమ్మె చుట్టకుండానే మెట్లు దిగి ఉరికినా."

అవ్వ తల తుడుచుకుంటూ వాకిట్లోనే కూర్చుంది. "ఉండేవన్నీ పెట్టినాం," అంది. "బిందెలు, డ్రమ్ము, గిన్నెలు, లోటాలు గూడా. నిండితే నవ్వు, పొర్లితే నవ్వు. అంత వాన మేం పుట్టినప్పట్నుంచి చూడలే. ఈయప్ప నా చెయ్యి పట్టుకోని తడుస్తా నిలబడుకున్నాడు. నాకు పెండ్లైనాక అంత సంతోషం అదే."

"తల ఎత్తి చూస్తే దీపం తిరగడం లే," అన్నాడు తాత. "సముద్రం మింద ఒకే గీత. ఒకే పక్కకు. ఎంత సేపట్నుంచి నిలిచిపోయిందో నాకు తెలీదు. పైకి ఎక్కి చుట్టినా. పొద్దున పుస్తకంలో రాసినా, దీపం రాత్రంతా సక్రమం అని."

ఆ పొద్దున ఒక పడవ రాలేదు. రోజు విడిచి రోజు వాళ్ళ గడపకు చేపలు తెచ్చే నూకాలు అనే ఆమె మొగుడిది, పేరు ఎర్రయ్య. తరవాత నాలుగు చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, అంతే. గట్టు మీద ఆడవాళ్ళు ముందురోజు సాయంత్రం నుంచీ నిలబడే ఉన్నారు. అవ్వ ఆ పట్టిన వాననీళ్ళు బిందెలతో మోసుకెళ్ళి వాళ్ళకు పోసింది, తను ఒక్క గుక్క తాగలేదు. ఆ మధ్యాహ్నం అసలు తుపాను వచ్చింది. అద్దం పగిలి గాలి లోపలికి కొట్టినా, యంత్రం మొరాయించినా, తాత రెండు రోజులు కిందికి దిగకుండా చేత్తో గూడు తిప్పాడు. గోడ మీది కాగితం దానికే ఇచ్చారు. "ఆ కాగితం అబద్ధం కాదు," అన్నాడు. "దానికి ముందర నేను రాసిన పేజీ అబద్ధం. పడవ పోయింది నా దీపం వల్లో, గాలి వల్లో నాకు తెలీదు. తెలీదనే రాయి. దీపం నిలిచిందని రాయి. ఎర్రయ్య పేరు రాయి. ఇన్నేండ్లు నూకాలు మా గడపకు చేపలు తెచ్చింది పాపా, నేను నోరు తెరిచి చెప్పలేకపోయినా."

రాశాను. ఒక్క మాట వదలకుండా రాశాను. కష్టమంతా ఆ తరవాతే వచ్చింది. మా నాయన ఆ పేజీ చదివి, "ముసలోడు ఏందో బాధపడి చెప్పినాడు. ఊర్లో ఆయప్పకుండే పేరు నువ్వు తీస్తావా? ఈ పేజీ లేకుండా పంపు," అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. నాయన చెప్పాడనే నెపం ఇన్నేళ్ళు నాకు బాగా పనికొచ్చింది. నిజం అది కాదు. ఈ పేజీ చూస్తే మొత్తం వ్యాసమే పక్కన పెట్టేస్తారేమోనని నాకు భయం. నా అక్షరాలు అచ్చులో చూసుకోవాలని ఆశ. ఇంగ్లీషు తప్పిన పిల్లకు ఊళ్ళో ఇంకేం పరువుంది? ఆ ఒక్క పేజీ ఆపేసి మిగతాది శుభ్రంగా తిరగరాసి పోస్టులో వేశాను. తాతతో అంతా పంపానని చెప్పాను. అంటే నేనూ సక్రమం అని రాశాను.

ఆరు నెలలకు పుస్తకం వచ్చింది. తాత పేరు, కింద చిన్న అక్షరాల్లో నా పేరు. అరుగు మీద కూర్చుని మొదటినుంచీ చదివించుకున్నాడు. తుపాను దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలో నోటుపుస్తకం పేజీ పెట్టుకుని, అదీ అచ్చయినట్టే చదివాను. ఆయన మళ్ళీ చదవమన్నాడు, చదివాను. "అచ్చులోనూ ఎర్రయ్య పేరు ఉండాదా?" అని అడిగాడు. "ఉండాది తాతా," అన్నాను. "అయితే ఆ పటం తీసెయ్ పాపా. ఇంక అది గోడకు ఎందుకు," అన్నాడు. స్టూలెక్కి తీశాను. ఆ ఏడు తొలి వానకు అవ్వ ఒక ఇత్తడి చెంబు తెచ్చి చూరు కింద పెట్టింది. ఒక్క చెంబే. నిండాక ఇద్దరూ చెరి సగం తాగారు. నేను మా గుమ్మంలో నిలబడి అది చూశాను. అలా చూసినందుకు నాకు నేనంటే అసహ్యం వేసింది. అయినా నిజం చెప్పలేకపోయాను. ఆ తరవాత రెండేళ్ళకు తాత, ఆ వెనకే అవ్వ పోయారు. ఇద్దరూ నన్ను నమ్మే పోయారు.

పోయిన నెల ఆ పేజీ తీసుకుని లైట్‌హౌస్‌కు వెళ్ళాను. ఇప్పుడు టికెట్టు పెట్టారు, పైకి లిఫ్టు ఉంది. పైన అద్దాల గూడు లేదు, చిన్న దీపం దానంతట అదే వెలుగుతుంది, ఆరుతుంది. పడవల వాళ్ళకు దారి చెప్పడానికి వాళ్ళ జేబుల్లో ఫోన్లున్నాయి. మా ఊళ్ళో మాత్రం ఏం మిగిలిందిలే, కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి, వానకు బిందెలు పట్టేవాళ్ళు లేరు. పిల్లల పాదాలు తడవకపోతే చాలని తలుపులు వేసుకుంటున్నారు. మంచిదే. కరువు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? కానీ వాన పడగానే పని వదిలి పరిగెత్తే ఆ పిచ్చి మనుషులను తలుచుకుని నేను మాత్రం తలుపు తీసి నిలబడతాను.

గేటు దగ్గర అడిగితే నూకాలు పోయి చాలా ఏళ్ళయిందన్నారు. కూతురు పోలమ్మ అక్కడే, బండి మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. అరవైకి దగ్గరపడిన మనిషి. నేనెవరో చెప్పాను. బేరం లేని వేళ చూసి పక్కన కూర్చుని పేజీ మొత్తం చదివాను. దీపం నిలిచిన సంగతి, బిందెలు, నేను దాచిన సంగతి కూడా చెప్పాను.  అంతా విన్నాక ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసి, సముద్రంవైపు చూస్తూ అంది:

"మాయమ్మ సచ్చిపోయేదాకా సెప్పేదమ్మా, ఆ పొద్దు లైటౌసోలు మంచినీలు పోసారని. ఊరంతట్లో మన కట్టం సూసి వచ్చింది ఆలొక్కలే అనేది. నేనూ తాగేను, సిన్నపిల్లని. తియ్యగున్నాయి." గరిటెతో కాయలు కలిపింది. "ఇది సెప్పకుండా ఉంటే బాగుండునమ్మా."

 కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోయాను. ఆమె తడి చేయి చీరకు తుడుచుకుని ముందుకు చాచింది.

"అది ఇలాగిచ్చీండి. మా నాన్న పేరు రాసున్న కాయితం మా ఇంట్లో ఒక్కటీ నేదు."